ఏడు వేల డాలర్ల సినిమా నిజంగా ఏడు వేలతోనే పూర్తయిందా?

మొదటిఫ్రేము:

నాలుగేళ్లుగా ఒక కథ పట్టుకుని కూర్చున్నాను. తొంభై రెండు పేజీలు, ఒకే ఇల్లు, ఐదుగురు మనుషులు, దాదాపు అంతా ఒక్క రోజులో జరిగిపోతుంది. ఇద్దరు స్నేహితులు కలిశారు, ముగ్గురం దాచుకున్నది కలిపితే ఒక మనిషి ఏడాది జీతమంత ఉంటుంది. అప్పు చేసే ఉద్దేశం లేదు. ఉద్యోగాలు మానలేం కాబట్టి ఆదివారాలు తీద్దామనుకుంటున్నాం, ఏడాది పట్టినా సరే.

ఇక నా గొడవ ఏంటంటే, ఎక్కడ చదివినా అవే చవక సినిమాల పేర్లు. ఎల్ మరియాచి 7,000 డాలర్లు, క్లర్క్స్ 27,575, పారానార్మల్ యాక్టివిటీ 15,000. చదివిన రోజు ధైర్యం వస్తుంది, మర్నాడు పొద్దున లెక్క వేసుకుంటే మాకున్నది సౌండుకే చాలేలా లేదు. ఈ అంకెలు నిజమేనా? నిజమైతే మేం ఎక్కడ తప్పు లెక్క వేస్తున్నాం? అసలు చవగ్గా సినిమాలు తీసి బతికినవాళ్లు ఎవరు, వాళ్లకి డబ్బు ఎక్కణ్నుంచి వెనక్కి వచ్చేది? "కెమెరా పట్టుకుని మొదలెట్టెయ్, మిగతాది అదే అవుతుంది" అన్న సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు, అది తప్ప ఏదైనా చెప్పండి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాస్తే మేలు చేసినవాళ్లవుతారు.

రీలుపెట్టె:

అంకెలు నిజమే. కాకపోతే అది ఎంతవరకు అయిన ఖర్చో ఎవరూ చెప్పరు, తిరకాసంతా అక్కడే ఉంది.

ఎల్ మరియాచి తీసుకోండి. దాని దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ కొత్త మందుల ప్రయోగాలకి తన ఒళ్లు అప్పజెప్పి, అలా దాదాపు 3,000 డాలర్లు సంపాదించాడు. 16 ఎంఎం (చిన్న సైజు ఫిల్ము) కెమెరా అరువు తెచ్చుకున్నాడు. అది గరగరమని చప్పుడు చేసే రకం, దాంతో షాట్లన్నీ సౌండు లేకుండా తీసి, షాట్ అవగానే అదే నటుడి చేత అవే మాటలు మళ్లీ చెప్పించి మామూలు క్యాసెట్ రికార్డర్‌లో పట్టాడు. పెదవులకి మాట కుదరని చోటల్లా వేరే షాట్‌కి కట్ చేశాడు, ఆ సినిమా ఎడిటింగ్‌లో కనిపించే వేగం కొంత అక్కణ్నుంచి వచ్చిందే. కెమెరాని కదిలించే ట్రాలీ బదులు చక్రాల కుర్చీ వాడాడు. ఇదంతా వీడియో మార్కెట్‌కి అమ్ముకుందామని తీసిన సినిమా, థియేటర్ ఆలోచనే లేదు. ఆ 7,000 ఎక్కువగా ఫిల్ముకి, కడిగించడానికి, వీడియో టేపులోకి ఎక్కించడానికి అయిన ఖర్చు. తర్వాత కొలంబియా స్టూడియో కొని, సౌండు బాగుచేయించి థియేటర్లో వేసే 35 ఎంఎం ప్రింట్లు వేయించడానికి అంతకి ఎన్నో రెట్లు పెట్టింది. మనం థియేటర్లో చూసింది ఆ రెండో ఖర్చు కూడా కలిసిన సినిమా.

క్లర్క్స్ కూడా అంతే. 27,575లో షూటింగ్ అయింది, క్రెడిట్ కార్డులన్నీ గీకేశారు. విడుదలకి సిద్ధం చేసేసరికి సౌండు మిక్సింగు, పాటల హక్కులతో కలిపి రెండు లక్షల డాలర్లు దాటింది. పారానార్మల్ యాక్టివిటీని దర్శకుడు తన సొంత ఇంట్లో వారం రోజుల్లో తీశాడు. పెద్ద స్టూడియో చేతికెళ్లి, ముగింపు మార్చుకుని, 2009లో జనంలోకి వచ్చేసరికి మధ్యలో మూడేళ్లు గడిచాయి, ఆ పబ్లిసిటీకి స్టూడియో పెట్టింది ఆ 15,000 పక్కన పెట్టి చూసేది కాదు.

ఇంకొకటి, ఆ అంకెల్లో జీతాలుండవు. ఏడాదిపాటు ఒక మనిషి డైరెక్షను, కెమెరా, ఎడిటింగూ మూడూ చేస్తే ఆ కష్టానికి లెక్కలో సున్నా వేస్తారు. సొంత ఇల్లు, అరువు కెమెరా, స్నేహితుడి కారు, అన్నిటికీ సున్నాయే. కాబట్టి మీ లెక్క తప్పు కాదు. మీరు ఫస్ట్ కాపీ వరకు, అంటే విడుదలకి సిద్ధమైన సినిమా వరకు వేస్తున్నారు, వాళ్లు ఎడిటింగ్ టేబుల్ దాకా అయింది చెప్పారు.

డబుల్‌బిల్:

"ఎవరు బతికారు" అన్న ప్రశ్న చాలా మంచిది, దాని గురించి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1930ల అమెరికాలో ఆర్థిక మాంద్యం వల్ల థియేటర్లు ఖాళీ అయిపోయాయి. జనాన్ని రప్పించడానికి ఒకే టికెట్ మీద రెండు సినిమాలు వేయడం మొదలెట్టారు. మొదటిది స్టార్లున్న పెద్ద సినిమా, రెండోది చిన్నది, గంటా గంటంపావు ఉండేది. పెద్ద సినిమాకి థియేటర్ వాళ్లు వసూళ్లలో శాతం ఇచ్చేవాళ్లు. చిన్నదానికి మాత్రం ఫ్లాట్ రేటు, హాలు నిండినా ఖాళీగా ఉన్నా అంతే. చవక సినిమా లెక్కంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది. రాబడి ఎంతో ముందే తెలుసు, అది పెరగదు, తగ్గదు. అలాంటప్పుడు సినిమా బాగుండాలని ఇంకో వెయ్యి డాలర్లు పెడితే అది జేబులోంచి పోయినట్టే. అందుకే రిపబ్లిక్, మోనోగ్రామ్, పీఆర్‌సీ లాంటి కంపెనీలు వారం రోజుల్లో ఒక వెస్టర్న్ (కౌబాయ్ సినిమా) చుట్టేసి, అవే గుర్రాలు, అదే వీధి సెట్టు పెట్టి ఏడాదికి డజన్ల కొద్దీ తీశాయి. ఒక సినిమా హిట్టయి వాళ్లు బాగుపడలేదు, ఖాళీగా ఉన్న రెండో స్లాటుని ఆపకుండా నింపుతూ బతికారు.

ఆ చట్రంలో కూడా పని చేసినవాళ్లున్నారు. ఆర్‌కేఓ స్టూడియోలో నిర్మాత వాల్ ల్యూటన్‌కి పెట్టిన షరతులు మూడు: ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు దాటకూడదు, టైటిల్ స్టూడియో ఇస్తుంది. 1942లో క్యాట్ పీపుల్ అన్న టైటిల్ చేతిలో పెట్టారు. చిరుతపులిలా మారే మనిషిని చూపించే డబ్బు లేదు, చవకబారు వేషం వేయించడం అతనికి ఇష్టం లేదు. ఈతకొలను సీన్ చూడండి: చీకటి గది, నీళ్ల మీంచి గోడల మీద కదిలే వెలుగు, ఒక నీడ, ఒక గుర్రుమనే చప్పుడు, నీళ్లలో ఒక అమ్మాయి అరుపు. అంతే ఉంది అందులో. అదే సినిమాలో కనిపించే పెద్ద మెట్ల సెట్టు అదే స్టూడియోలో అంతకుముందు తీసిన ఒక ఖరీదైన సినిమాది. డబ్బు లేకపోవడాన్ని కథలోకి తీసుకోవడమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే, ఎన్నిసార్లు చూసినా ఆ సీనుకి ఒళ్లు జలదరిస్తుంది.

1948లో అమెరికా సుప్రీంకోర్టు పారామౌంట్ కేసులో తీర్పిచ్చాక పెద్ద స్టూడియోలు థియేటర్లు వదులుకోవాల్సి వచ్చింది, పెద్ద సినిమాతో కట్టగట్టి చిన్నవి అంటగట్టే పద్ధతి కూడా పోయింది. పైగా ఇళ్లలోకి టీవీ వచ్చింది. రెండో స్లాటు మూతబడింది. ఇంకో ఖాళీ ఎక్కడ కనబడిందంటే కార్లలో కూర్చుని చూసే డ్రైవ్-ఇన్‌లలో, కుర్రకారు దగ్గర. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వాళ్లు ముందు టైటిలు, పోస్టరు తయారుచేసి, వాటికి గిరాకీ ఉందనిపిస్తే అప్పుడు కథ రాయించేవాళ్లు. వాళ్లకి సినిమాలు తీసిన రోజర్ కోర్మన్ 1960లో లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్‌ని, వేరే సినిమాకి వేసిన సెట్టు ఇంకా నిలబడి ఉందని, రెండు పగళ్లూ ఒక రాత్రిలో తీసేశాడు. తర్వాత వీడియో క్యాసెట్ల కాలంలో షాపుల అరలు ఖాళీగా ఉండేవి, వాటిని నింపడానికి ఏది తీసినా కొనేవాళ్లు. 1992లో నైజీరియాలో లివింగ్ ఇన్ బాండేజ్ నేరుగా క్యాసెట్ మీద అమ్ముడై ఒక పరిశ్రమనే నిలబెట్టింది, థియేటర్లు మూతబడిన చోట జనం ఇళ్లలోని టీవీలే ఆ ఖాళీ.

అంటే చవక సినిమా ఎప్పుడు బతికిందో చూస్తే, ఎక్కడో ఒక తెర ఖాళీగా ఉండి, దాన్ని నింపితే ఇంత ఇస్తామని ఎవరో ఒకరు ముందే సిద్ధంగా ఉన్నప్పుడే. మీ సినిమాకి అలా ఎదురుచూస్తున్నది ఎవరు? స్క్రిప్టు కన్నా ముందు ఆ ప్రశ్నకి జవాబు రాసుకోండి.

బూమ్‌పోల్:

తమ్ముడూ, నేను చిన్న సినిమాలకి సౌండు పట్టే పని చేస్తాను, నాకు తెలిసినంత వరకే చెప్తాను.

ఒకే ఇల్లు అన్నావు, చాలా మంచి నిర్ణయం. కానీ ఇంటిని కంటితో ఎంచుకోవద్దు, చెవితో ఎంచుకో. పోయినేడాది ఒక సినిమాలో వంటింటి సీన్ పది టేకులు తీశాం. కెమెరా వెనక ఉన్నవాళ్లెవరికీ వినబడని ఫ్రిజ్ మోత నాకు హెడ్‌ఫోన్స్‌లో వినబడింది, చెప్పాను, "ఎడిటింగ్‌లో తీసేద్దాంలే" అన్నారు. ఆ మోత వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఒక డైలాగులో ఉంది, పక్క డైలాగులో లేదు, కట్ చేసిన చోటల్లా చెవికి తగులుతుంది. చివరికి నటులందరినీ మళ్లీ పిలిచి మూడు రోజులు డబ్బింగ్ చెప్పించారు, ఆ ఖర్చుతో ఇంకో రెండు రోజులు షూటింగే జరిగేది. ఫ్రిజ్ ఆపెయ్యి. ఆపాక నీ బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టు, సాయంత్రం వెళ్లేటప్పుడు తాళాల కోసం తలుపు తీస్తావు, మళ్లీ ఆన్ చేయడం గుర్తుంటుంది. ఈ పని చేసేవాళ్లు చాలామంది పాటించే పద్ధతే ఇది.

ఆదివారాల సంగతి. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ఫాలోయింగ్ (1998) అలాగే శనివారాలు తీసింది, ఏడాది దాకా పట్టింది, దాదాపు 6,000 డాలర్లు. 16 ఎంఎంలో 400 అడుగుల ఫిల్ము డబ్బా పదకొండు నిమిషాలు వస్తుంది, ప్రతి నిమిషానికీ డబ్బే. అందుకని వాళ్లు నాటకానికి చేసినట్టు నెలల తరబడి రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. నీకు ఫిల్ము ఖర్చు లేదు, మెమరీ కార్డు తుడిచి మళ్లీ వాడొచ్చు, కానీ అదే ప్రమాదం. నలభై గంటల ఫుటేజీ పోగేసుకుని ఎడిటింగ్ మధ్యలో వదిలేసిన సినిమాలు నాకే మూడు తెలుసు. పదకొండు నిమిషాల డబ్బా ఒక్కటే ఉందనుకుని రోజుని ప్లాన్ చేసుకో, రిహార్సల్ ఉచితం కదా.

ఇక జీతాల విషయం, ఇది నాకు నొప్పి ఉన్న చోటు, అందుకే గట్టిగా చెప్తున్నా. "ఇప్పుడు ఇవ్వలేం, లాభాల్లో వాటా ఇస్తాం" అన్న మాట మీద నేను రెండు సినిమాలు చేశాను. ఒకదానికి ఆరేళ్లయింది, లెక్కల కాగితం కూడా చూపించలేదు. 1973లో టెక్సాస్ చైన్‌సా మ్యాసకర్ తీసినప్పుడు నటులకీ టెక్నీషియన్లకీ జీతం బదులు ఒక కంపెనీ వాటాలో భాగం రాసిచ్చారు. ఆ కంపెనీకి సినిమాలో ఉన్నది సగం వాటానే అని వాళ్లకి తర్వాత తెలిసింది. సినిమా కోట్ల డాలర్లు తెచ్చింది, ఎండలో కుళ్లు వాసనల మధ్య రోజుల తరబడి పనిచేసినవాళ్ల చేతికి దాదాపు ఏమీ రాలేదు. నువ్వు డబ్బు ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్పు, తక్కువ రోజులు అడుగు, వేళకి భోజనం పెట్టు, ఇంటికి చేర్చు. వాటా ఇస్తానంటే మాత్రం, వచ్చిన డబ్బులో ఏమేం పోయాక మిగిలినదాంట్లో వాటానో కాగితం మీద రాసివ్వు.

అమ్మకాలలెక్క:

నేను సినిమా హక్కులు అమ్మే వైపు పని చేస్తాను. పైన అన్నగారు చివర్లో చెప్పిన "ఏమేం పోయాక" అన్న మాట దగ్గర ఆగుతాను, ఎందుకంటే కొత్తవాళ్లు నా దగ్గరికొచ్చి కళ్లు తిరిగేది అక్కడే.

లెక్క కోసం మీ సినిమా థియేటర్లో 100 రూపాయలు వసూలు చేసిందనుకుందాం. ఒప్పందాన్ని బట్టి మారుతుంది గానీ థియేటర్ వాళ్లు 50 ఉంచుకున్నారనుకోండి. మిగిలిన 50లో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 30 శాతం, అంటే 15. మిగిలింది 35. పోస్టర్లకీ ప్రకటనలకీ అతను ముందే పెట్టిన 30 వెనక్కి తీసుకుంటాడు. మిగిలింది 5. మధ్యలో నాలాంటి ఏజెంటుకి ఒక రూపాయి. మీ చేతికి 4. అందులోంచి మీ పెట్టుబడి రావాలి, అది పూర్తిగా వచ్చాక మిగిలింది లాభం, అందులో మీ కెమెరామన్ వాటా. ఇందులో మోసం ఏమీ లేదు, వరసలో అందరికన్నా చివర నిలబడింది సినిమా తీసినవాడు, అంతే. "పది రెట్లు వసూలు చేసింది" అన్న వార్త చదివినప్పుడు అది ఈ వరసలో ఎన్నో మెట్టు దగ్గరి అంకె అని అడగండి.

దీనికన్నా ముందు ఇంకో గండం ఉంది, సినిమాని అప్పజెప్పడం. కొనేవాడు ఫైలు ఒక్కటే అడగడు. ప్రతి నటుడి సంతకం, కథ రాసినవాడి దగ్గర్నుంచి హక్కుల పత్రం, ఇంటి యజమాని రాతపూర్వక అనుమతి, రేపు ఎవరైనా దావా వేస్తే కాచుకునే బీమా, వేరే భాషల్లోకి డబ్ చేసుకోవడానికి మాటలు లేకుండా సంగీతమూ చప్పుళ్లూ మాత్రమే ఉన్న ట్రాకు. ఇందులో ఒక్కటి లేకపోయినా బేరం ఆగిపోతుంది. నచ్చిన సినిమాల్ని ఒక్క సంతకం లేదని వదిలేయాల్సి వచ్చిన రోజులున్నాయి, ఆ కుర్రాళ్ల మొహాలు ఇంకా గుర్తున్నాయి.

పాటల విషయంలో దర్శకుడు చార్లెస్ బర్నెట్ కథ అందరూ తెలుసుకోవాలి. 1970లలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో చదువుకుంటూ వారాంతాల్లో కిల్లర్ ఆఫ్ షీప్ తీశాడు, పదివేల డాలర్ల లోపే. అమెరికన్ సినిమాల్లో గొప్పవాటిలో ఒకటిగా లెక్కపెడతారు దాన్ని. అందులో వాడిన పాటలకి హక్కులు తీసుకోలేదు, చదువు కోసం తీసింది కాబట్టి అప్పట్లో అవసరం పడలేదు. ఆ ఒక్క కారణంతో థియేటర్లలో సరిగ్గా విడుదల కావడానికి 2007 దాకా ఆగింది, హక్కులకి అయిన ఖర్చు 1,50,000 డాలర్లు. సినిమా మొత్తం ఖర్చుకి పదిహేను రెట్లకి పైనే, పాటలకే.

నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ (1968)ది ఇంకో రకం దెబ్బ. లక్ష డాలర్ల పైచిలుకుతో తీశారు. విడుదలకి ముందు డిస్ట్రిబ్యూటర్ టైటిల్ మార్చాడు, కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకుండా బయటికొస్తే హక్కు పోయినట్టే. దాంతో ఆ సినిమాని ఎవరు పడితే వాళ్లు క్యాసెట్లేసి, టీవీల్లో వేసి అమ్ముకున్నారు. మర్చిపోయింది ఒక్క లైను.

మీ డబ్బులో సగం షూటింగ్ తర్వాతి పనులకి ఉంచండి. మిగిలిన సగంలో తీయగలిగేలా కథని కుదించండి.

కట్‌చెప్పకు:

అందరూ నిజమే చెప్తున్నారు, కానీ ఇవన్నీ ఒకేసారి చదివితే ఆ అబ్బాయి స్క్రిప్టు బీరువాలో పెట్టేస్తాడేమోనని నాకు భయంగా ఉంది.

జపాన్‌లో 2017లో వన్ కట్ ఆఫ్ ది డెడ్ తీశారు. నటనా వర్క్‌షాపులో చేరినవాళ్లే నటులు, ఖర్చు దాదాపు 30 లక్షల యెన్‌లు. మొదటి 37 నిమిషాలు ఒకే షాటు. 2018లో రెండు చిన్న థియేటర్లలో వేశారు, చూసినవాళ్లు ఇంకొకళ్లకి చెప్పి చెప్పి వందల థియేటర్లకి పాకి 300 కోట్ల యెన్‌లు దాటింది. అందరికీ అలా జరగదు, తెలుసు. నేను చెప్పేది వసూళ్ల గురించి కాదు. ఒక చవక సినిమా షూటింగ్‌లో పడే కష్టాన్నే వాళ్లు కథగా చేసుకున్నారు, మొదటి అరగంటలో లోపాల్లా కనబడినవాటికి రెండో సగంలో కారణాలు దొరుకుతాయి. పెద్ద బడ్జెట్ ఉంటే ఆ సినిమా పుట్టేదే కాదు. మీ ఒక్క ఇల్లు, ఐదుగురు మనుషులు కూడా డబ్బు లేక పెట్టుకున్నట్టు కాకుండా ఆ కథకి అదే కావాలన్నట్టుంటే మీకు సగం బడ్జెట్ దొరికినట్టే.

ఆదివారాల మీద ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. పథేర్ పాంచాలి డబ్బు లేక ఆగుతూ ఆగుతూ దాదాపు మూడేళ్లు నడిచింది. దర్శకుడు సత్యజిత్ రాయ్ బీమా పాలసీ తాకట్టు పెట్టాడు, ఆయన భార్య నగలు కూడా వెళ్లాయి, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే పూర్తయింది. మూడు అద్భుతాలు జరిగాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు: అపు పాత్ర వేసిన అబ్బాయి గొంతు మారలేదు, అక్క దుర్గగా వేసిన అమ్మాయి పెద్దపిల్ల కాలేదు, ముసలావిడగా వేసినావిడ చనిపోలేదు. మీ కథ ఒక్క రోజులో జరుగుతుంది. ఏడాది పొడుగునా యాభై ఆదివారాలు తీస్తే ఐదుగురి జుట్టు, బరువు, కిటికీలోంచి పడే ఎండ అన్నీ మారిపోతాయి. అందరూ ఒకేసారి సెలవు పెట్టి పన్నెండు రోజులు వరసగా తీయగలరేమో అడగండి.

మొదటిఫ్రేము:

అందరికీ చేతులెత్తి దండం. రెండు రోజులుగా మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

మా ముగ్గురం నిన్న కూర్చున్నాం. సెలవులు కలుపుకుంటే పదకొండు రోజులు వస్తాయి, నటుల్లో నలుగురు ఒప్పుకున్నారు, ఐదో ఆయనకి ఉద్యోగంలో కుదరదు కాబట్టి ఆ పాత్ర ఫోన్లో గొంతు మాత్రమే వినబడేలా రాస్తున్నాను, రాశాక చూస్తే అదే బాగుంది. కథలో రేడియోలో వచ్చే పాత పాట తీసేశాను, దాని బదులు అమ్మ పాత్ర ఏదో కూనిరాగం తీస్తుంది, అది మేమే కట్టుకుంటాం. డబుల్‌బిల్ గారూ, మీ ప్రశ్నకి మాత్రం ఇంకా జవాబు రాయలేకపోయాను. ఎదురుచూసేవాళ్లెవరో తెలియకుండానే తీస్తున్నాం, అందుకని పోయినా తట్టుకోగలిగినంతే పెడదామని, మిగతాది ముట్టుకోకూడదని రాసుకుని ముగ్గురం సంతకాలు పెట్టాం.

బూమ్‌పోల్ అన్నా, ఇల్లు ఈ ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. ఏం వినాలి?

బూమ్‌పోల్:

హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లు, రికార్డర్ ఉంటే అదీ. ప్రతి గదిలో పావుగంట కదలకుండా కూర్చో, ఫోన్లు ఆపెయ్యండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. ఏం వినబడిందో టైముతో సహా రాసుకో. కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. గదిలో గట్టిగా చప్పట్లు కొట్టు, మోగితే పరుపులూ దుప్పట్లూ సిద్ధం చేసుకోవాలి. షూటింగ్ రోజు కూడా ప్రతి గదిలో అందరూ నోరు మూసుకుని నిలబడితే ఆ నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయి, కట్‌ల మధ్య అతకడానికి అదే పనికొస్తుంది.

మొదటిఫ్రేము:

వెళ్లొచ్చాం. ముందు గది బాగుంది, చప్పట్లు మోగలేదు. వంటింట్లో ఫ్రిజ్‌తో పాటు గోడ గడియారం కూడా ఉంది, అది తీసి సంచిలో పెట్టాను, ఇంటావిడ సరేనన్నారు, అనుమతి కాగితం మీద సంతకం కూడా పెట్టారు. పొద్దున ఆరింటికీ సాయంత్రం నాలుగున్నరకీ ఎవరిదో నీళ్ల మోటారు ఇరవై నిమిషాలు మోగుతుంది. రాత్రి పది దాటాక ఏమీ లేదు. అందుకని పగలు జరగాల్సిన సీన్లు తప్ప మిగతావన్నీ రాత్రికి మారుస్తూ షెడ్యూల్ మళ్లీ వేస్తున్నాం.